యూకాన్ నది మీద పదిహేను రోజులు: కెనడా టోపో షీట్లు వాడి చూశాక

మొన్న జూలైలో నేనూ మా బావగారూ కెనడా వాయవ్య మూలనున్న వైట్‌హార్స్‌లో కెనూ (తెడ్లతో నడిపే సన్నటి పడవ) అద్దెకు తీసుకుని యూకాన్ నది మీద డాసన్ సిటీ దాకా వెళ్లాం. నది దారిన 700 కిలోమీటర్లకు పైమాటే, మాకు పదిహేను రోజులు పట్టింది. మధ్యలో ఊరు అని చెప్పుకోదగ్గది కార్‌మాక్స్ ఒక్కటే, మిగతాదంతా అడవి, నీళ్లు, కొండలు. తిరిగొచ్చాక ఎడ్మంటన్‌లో ఉన్న మన తెలుగువాళ్లు ముగ్గురు నలుగురు అడిగిన మొదటి ప్రశ్న ఎలుగుబంట్ల గురించి, రెండోది మ్యాపుల గురించి. ఎలుగుబంట్ల సంగతి ఇంకోసారి రాస్తాను. మ్యాపుల సంగతి మాత్రం వివరంగా రాయాలనిపించింది, ఎందుకంటే బయల్దేరే ముందు నాకు ఇలా ఎవరైనా చెప్పుంటే చాలా టెన్షన్ తప్పేది.

మేం వాడినవి కెనడా ప్రభుత్వం వేసిన నేషనల్ టోపోగ్రాఫిక్ సిస్టమ్ షీట్లు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపించే మ్యాపులు, అందరూ ఎన్‌టీఎస్ షీట్లు అంటారు. ముందే చెప్పేస్తాను, కొనండి. కొండల విషయంలో ఐదుకి ఐదు ఇస్తాను. నది విషయంలో మాత్రం మూడు. ఆ తేడా ఎందుకో తెలుసుకుని వాడితే ఇంత మంచి వస్తువు ఇంకోటి లేదు, తెలుసుకోకుండా వాడితే ఏదో ఒక పాయలో ఇరుక్కుంటారు.

ఈ షీట్లు రెండు స్కేళ్లలో వస్తాయి, 1:2,50,000, 1:50,000. పెద్ద షీటుకి 105E, 115I ఇలా పేర్లుంటాయి, ఒక్కో పెద్ద షీటునీ పదహారు ముక్కలు చేస్తే 1:50,000 షీట్లు. వైట్‌హార్స్ ఊరు 105D/11లో ఉంటుంది, లబార్జ్ సరస్సు 105Eలో, డాసన్ 116Bలో. మన సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లు చూసినవాళ్లకి ఇదంతా సొంతింటి లెక్కలా ఉంటుంది, మనవీ అదే 1:50,000, అవే గోధుమ రంగు కాంటూర్ గీతలు (ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీతలు), అవే నీలం నీళ్లు. ఇంజినీరింగ్‌లో సర్వే క్యాంపు రోజుల్లో మా కోస్తా షీటు ఒకటి చూడాలంటే ఉత్తరాలు, సంతకాలు, అనుమతులు, అంత కథ ఉండేది, తీరప్రాంతపు షీట్లు బయటికి ఇచ్చేవాళ్లు కాదు. ఇక్కడ దేశం మొత్తం షీట్లూ పైసా లేకుండా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మొదటిసారి ఆ ఫైలు తెరిచినప్పుడు నిజంగా సంతోషమేసింది. ఎవరూ ఉండని అడవిలో ఒక చిన్న వాగు వంపుని కూడా ఇంత శ్రద్ధగా గీసి, ఎవరడిగితే వాళ్లకి ఇచ్చేయడం చిన్న విషయం కాదు.

ఎన్ని కావాలంటే, వైట్‌హార్స్ నుంచి డాసన్ దాకా 1:50,000 షీట్లు ఇరవై దాటతాయి. 1:2,50,000 అయితే ఆరేడుతో సరిపోతుంది. డబ్బు ఆదా అవుతుందని 1:2,50,000తో సరిపెట్టుకోకండి. అందులో కిలోమీటరంటే నాలుగు మిల్లీమీటర్లు, యూకాన్ లాంటి పెద్ద నదిలో కూడా పాయలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒక నీలం మరకలా కనిపిస్తాయి. రాత్రి టెంటు దగ్గర కూర్చుని రేపెక్కడిదాకా వెళ్దాం అని చూసుకోవడానికి అది బాగుంటుంది, అందుకే రెండు మూడు కొన్నాం. నీళ్ల మీద ఉన్నప్పుడు ఒళ్లో ఉండాల్సింది 1:50,000 మాత్రమే. కిలోమీటరుకి రెండు సెంటీమీటర్లు, షీటు మీద నీలం గడులుంటాయి, ఒక గడి ఒక కిలోమీటరు, వేలితో లెక్కపెట్టుకుంటూ పోవచ్చు.

మ్యాపులు అమ్మే షాపులో నీళ్లకి తడవని ప్లాస్టిక్ కాగితం మీద ప్రింట్ చేసిస్తారు, ఒక్కో షీటు ఇరవై డాలర్ల దగ్గర పడింది. ఇరవై షీట్లకీ అంత పెట్టడం ఎందుకని ఏడెనిమిది షీట్లు నేనే డౌన్‌లోడ్ చేసి ఊళ్లో ఒక ప్రింటింగ్ షాపులో వేయించాను. వాళ్లు ఫైలుని కాగితానికి సరిపడేలా కుదించి ప్రింట్ చేశారు, నాకు చెప్పలేదు, నేనూ చూసుకోలేదు. లబార్జ్ సరస్సు ఒడ్డున టెంటు వేశాక బావగారు దూరం కొలుద్దామని ప్లాస్టిక్ స్కేలు పెడితే గడి ఇరవై మిల్లీమీటర్లు ఉండాల్సింది పందొమ్మిదే ఉంది. గడులు లెక్కపెట్టుకున్నంతసేపూ ఇబ్బంది లేదు కానీ, స్కేలు పెట్టి కొలిస్తే ఇరవై కిలోమీటర్ల దగ్గర ఒక కిలోమీటరు ఎగిరిపోతుంది. మీరు బయట ప్రింట్ చేయించుకుంటే షాపులోనే స్కేలు పెట్టి ఒక గడి కొలుచుకుని, ఆ తర్వాతే డబ్బులివ్వండి.

లబార్జ్ గురించి ఇంకో మాట. యాభై కిలోమీటర్ల పొడవు సరస్సు అది, గాలి లేస్తే అలలు సముద్రంలా వస్తాయి, అందరూ కుడి ఒడ్డు పట్టుకుని వెళ్తారు, మేమూ అలాగే వెళ్లాం. రెండోరోజు పొద్దున్న ఎక్కడో అడవి తగలబడుతున్న పొగ వచ్చి సరస్సు మీద కూర్చుంది. ఎదుటి ఒడ్డు లేదు, ముందుకి పొడుచుకొచ్చిన ఒడ్డు ముక్కు కూడా కనపడటం లేదు. ఒక చిన్న అఖాతం అడ్డంగా దాటాలి, రెండు కిలోమీటర్లు. కంపాస్ తీసి షీటు మీద కోణం చూసుకున్నాం. ఆ షీటు అంచున అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా 29 డిగ్రీల దగ్గర రాసుంది. అది ఎనభైల నాటి లెక్క. అయస్కాంత ధ్రువం అప్పట్నుంచీ సైబీరియా వైపు జరుగుతూనే ఉంది, ఈమధ్య ఏడాదికి యాభై కిలోమీటర్ల దాకా నడిచింది, ఇప్పుడు వైట్‌హార్స్ దగ్గర ఆ తేడా ఇరవై డిగ్రీల్లోపే. అదృష్టంకొద్దీ బయల్దేరే ముందు ప్రభుత్వ సైట్లో ఆ తారీఖుకి ఎంతో చూసి అట్టమీద రాసుకున్నాను. పది డిగ్రీల తప్పంటే కిలోమీటరుకి నూటడెబ్బై మీటర్ల పైన పక్కకి పోవడం. పొగలో, చల్లటి నీళ్ల మీద, లోడుతో ఉన్న కెనూలో ఆ తప్పు చెయ్యకూడదు. షీటు అంచున ఉన్న ఆ అంకెని పెన్సిల్‌తో కొట్టేసి కొత్తది రాసుకోవడం, ఇంట్లోనే, బయల్దేరే ముందు చెయ్యాల్సిన మొదటి పని. జీపీఎస్ వాడేవాళ్లు ఇంకోటి కూడా చూసుకోవాలి, పాత షీట్లు నాడ్27 అనే లెక్కలో (అక్షాంశ రేఖాంశాలు కొలిచే పాత పద్ధతి) ఉంటాయి, మీ పరికరం వేరే లెక్కలో ఉంటుంది. అది మార్చకపోతే మీరున్న చోటు షీటు మీద రెండొందల మీటర్ల దాకా పక్కన పడొచ్చు, అంటే నీళ్లలో ఉన్నవాళ్లు కొండ మీద ఉన్నట్టు చూపిస్తుంది.

ఇక కొండలు. ఇక్కడే ఈ షీట్లంటే నాకు గౌరవం. కార్‌మాక్స్ దాటిన మూడోరోజు ఫోర్ట్ సెల్కిర్క్ వస్తోందనగా షీటు మీద కుడి ఒడ్డున కాంటూర్ గీతలన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, జడ అల్లినట్టు, ఒకటే మందపాటి గోధుమరంగు దారంలా కిలోమీటర్ల కొద్దీ సాగాయి. "ఇక్కడ గోడ ఉండాలి బావగారూ, మామూలు గట్టు కాదు" అన్నాను. పెల్లీ నది కలిసే మలుపు తిరగ్గానే నిజంగానే గోడ, నల్లటి లావా రాయి, స్తంభాలు నిలబెట్టినట్టు, చూస్తున్నంత దూరం. ఎవరో విమానంలోంచి తీసిన ఫొటోలు చూసి గీసిన గీతలు, నేలమీద కాలు పెట్టకుండానే ఆ గోడని అంత కచ్చితంగా పట్టుకున్నాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఉత్తరాదిని ఎక్కువగా మ్యాపు చేసింది అలాగే, ఒకే చోటుని రెండు కోణాల్లో ఫొటో తీసి, రెండు కళ్లతో చూసినట్టు ఎత్తుపల్లాలు రాబట్టడం. అంతకుముందు 1883లో ఫ్రెడరిక్ ష్వాట్కా అనే అమెరికన్ సైనికాధికారి ఇదే నది మీద తెప్ప కట్టుకుని దిగుతూ కొలతలు తీశాడు. 1887లో జార్జ్ మెర్సర్ డాసన్, విలియం ఓగిల్వీ, మెకానెల్ వచ్చి ఈ ప్రాంతాన్ని సర్వే చేశారు. డాసన్ సిటీకి పేరు ఆ డాసన్‌దే. వాళ్ల కష్టం తలుచుకుంటూ షీటు పట్టుకుంటే ఆ కాగితం విలువ ఇంకోలా ఉంటుంది.

కొండల్లోనూ ఒక మెలిక ఉంది. అన్ని షీట్లకీ కాంటూర్ దూరం ఒకటే కాదు. ఒక షీటు అడుగుల్లో, గీతకీ గీతకీ వంద అడుగులు, దాని పక్క షీటు మీటర్లలో. అంచు దగ్గర 2,000 అని ఉన్న గీత పక్క షీట్లోకి వెళ్లేసరికి ఆరొందల చిల్లరవుతుంది. ఒక సాయంత్రం, ఏడు దాటింది, చేతులు లాగేస్తున్నాయి, బావగారు షీటు చూసి "ఆ ఎడం ఒడ్డున గీతల్లేవు చూడు, మైదానంలా ఉంది, అక్కడ ఆపేద్దాం" అన్నారు. తీరా వెళ్తే నిలువునా కోసేసిన గట్టు, ఏడెనిమిది అంతస్తుల మేడంత ఎత్తు, పైనుంచి మట్టి రాలుతోంది. షీటు తప్పు కాదది. వంద అడుగులంటే ముప్ఫై మీటర్లు, పాతిక మీటర్ల గట్టు రెండు గీతల మధ్యలో దాక్కుంటే షీటు దాన్ని చూపించలేదు. ఇంకో గంటన్నర తెడ్డు వేస్తే గానీ జాగా దొరకలేదు. ఆ రాత్రి నుంచీ కొత్త షీటు తియ్యగానే ముందు కింద రాసున్న కాంటూర్ దూరాన్ని పైకి చదవడం అలవాటు చేసుకున్నాం, "వంద అడుగులు" అనో "ఇరవై మీటర్లు" అనో ఒకరు అంటే రెండోవాళ్లు మళ్లీ అనాలి.

ఆ గట్టులో ఒకటి చూశాం, అది చెప్పకుండా ఉండలేను. పైన గడ్డి వేళ్లకి కొంచెం కింద, తెల్లటి చార, ఎవరో సున్నంతో గీత గీసినట్టు. అగ్నిపర్వతం బూడిద. అలాస్కాలో మౌంట్ చర్చిల్ పదకొండు వందల ఏళ్లకు పైగా కిందట పేలినప్పుడు వచ్చి పడింది, వైట్ రివర్ బూడిద అంటారు. యూకాన్ ఒడ్డున గట్టు తెగిన చోట చాలాసార్లు ఆ చార కనిపిస్తుంది. దగ్గరికెళ్లి వేలితో గీకితే మెత్తగా, ముగ్గుపిండిలా చేతికి అంటింది.

ఇప్పుడు నది, మూడు మార్కుల సంగతి. మాది కోనసీమ. లంకలంటే ఏమిటో మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. మా తాతయ్య కొబ్బరి తోట ఉన్న లంక నా చిన్నప్పుడు ఎంత ఉందో ఇప్పుడంత లేదు, ఒకవైపు కోత పడి పోయింది, కిందివైపు కొత్త మేట వేసింది. గోదావరి ఏటేటా రాసి కొట్టేసుకుంటుంది. యూకాన్ కూడా అంతే, కార్‌మాక్స్ దాటాక లంకల గుంపులు మొదలవుతాయి, కింద స్టీవర్ట్ నది కలిసే చోటికి వచ్చేసరికి నది మైళ్ల వెడల్పున పాయలు పాయలుగా విడిపోతుంది. షీట్లకి ఆధారమైన ఫొటోలు నలభై ఏళ్ల నాటివి. నలభై ఏళ్లలో నది ఊరుకుంటుందా?

ఒక చోట షీటు మీద నది మధ్యలో మూడు లంకలున్నాయి, కుడి పాయ వెడల్పుగా, ఎడమది సన్నగా. కళ్లముందు రెండే లంకలు. "బావగారూ, ఒక లంక తగ్గిందండీ" అన్నాను. ఆయన కాసేపు అటూ ఇటూ చూసి, "తగ్గలేదు, ఆ రెండూ కలిసిపోయాయి. ఆ చివర కుర్ర చెట్లు చూడు, అదంతా కొత్త మేట. నీళ్లు ఎడమకి లాగుతున్నాయి, పాత పాయ పూడిపోయుంటుంది, ఎడమకే పోనీ" అన్నారు. అలాగే పోయాం. కుడి పాయ నోటి దగ్గర నీళ్లు మోకాలి లోతు కూడా లేవు, దాని నిండా కొట్టుకొచ్చిన మొద్దులు పేరుకుని ఉన్నాయి. షీటుని నమ్మి అటెళ్తే కెనూ దిగి లాక్కోవాల్సొచ్చేది. లంక చివర చెట్ల వయసు చూడటం, ఒడ్డు కోతలో ఉందా మేటలో ఉందా చూడటం, నురగ ఎటు పోతోందో చూడటం, ఇవన్నీ ఆయన చిన్నప్పుడు నాటు పడవ మీద నేర్చుకున్నవి, యూకాన్‌లో ఒక్కటీ పొల్లుపోలేదు. నేను చేసిందల్లా, లంక ఎక్కడున్నా వెనకున్న కొండ ఎక్కడికీ పోదు కాబట్టి, కొండ వాలుని బట్టి మేం ఏ గడిలో ఉన్నామో పట్టుకోవడం. నది మీద ఉన్నచోటుని నదిని చూసి గుర్తుపట్టకండి, రెండు పక్కలా కలిసే వాగులనీ కొండ ముక్కులనీ చూసి గుర్తుపట్టండి. ఫలానా లంక దగ్గర క్యాంపు అనుకుంటే దొరకొచ్చు, దొరక్కపోవచ్చు, ఫలానా వాగు నోరు అనుకుంటే మాత్రం ఎప్పుడూ దొరికింది.

వైట్ రివర్ కలిశాక నీళ్లు పాలు కలిపిన టీ రంగులోకి మారతాయి. అంత ఒండ్రు. తెడ్డు ఎత్తేసి ఊరుకుంటే కెనూ అడుగున సన్నటి ఇసుక రాసుకుంటూ సుయ్‌మని చప్పుడు వస్తుంది, బియ్యం చేటలో చెరుగుతున్నట్టు. అక్కణ్ణుంచి లోతు కంటికి ఆనదు, షీటు చెప్పదు, ఇసుక తిప్ప తగిలాకే తెలుస్తుంది. మాకు రెండుసార్లు తగిలింది.

షీటు చెప్పని ఇంకోటి, ఫైవ్ ఫింగర్ రాపిడ్స్, రాళ్ల మధ్య నీళ్లు ఉరవడిగా పారే చోటు. నది మధ్యలో నాలుగు రాతి దిబ్బలు నిలబడి నీళ్లని ఐదు పాయలు చేస్తాయి, ఆ పేరు అందుకే. షీటు మీద అక్కడ రాపిడ్స్ అని గుర్తుంది, ఏ పాయలో వెళ్లాలో ఉండదు. కుడి చివరి పాయలో వెళ్లాలి, అది అక్కడ అందరికీ తెలిసిన మాట, అయినా నీళ్లు ఎలా ఉన్నాయో ఆ వారం వెళ్లొచ్చినవాళ్లని అడిగే వెళ్లండి. టోపో షీటు నేల గురించి చెప్పడానికి వేసింది, పడవ నడిపేవాళ్ల కోసం కాదు, కాబట్టి దానితో పాటు నదికి విడిగా దొరికే గైడు పుస్తకం ఒకటి ఉండి తీరాలి.

అడవి రంగు కూడా పూర్తిగా నమ్మొద్దు. షీటు మీద పచ్చగా ఉన్నచోట కొన్నిసార్లు మైళ్ల కొద్దీ కాలిన మోడులే ఉన్నాయి. ఇంకా ఉత్తరాన కొన్ని షీట్లయితే రంగులే లేకుండా నలుపు తెలుపుల్లో వేశారు, అటువైపు వెళ్లేవాళ్లు కొనేముందు చూసుకోండి.

ఫోన్ సరిపోదా అని అడిగినవాళ్లకి: ఫోన్లోనూ ఇవే షీట్లు వేసుకుని తీసుకెళ్లాం, రోజూ వాడాం, పనికొచ్చింది. కానీ వానలో తడి వేళ్లకి తెర పలకదు, చలికి చార్జి చూస్తుండగానే దిగిపోతుంది, అన్నిటికన్నా ముఖ్యం, ఫోన్ తెర మీద ఒకేసారి రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే కనపడతాయి. ముందు మలుపు తర్వాత ఇంకో మలుపు, ఆ వెనక కొండ, ఆ కొండ అవతల్నుంచి వచ్చే వాగు, ఇదంతా ఒక్క చూపులో కనిపించేది మోకాళ్ల మీద పరిచిన కాగితంలోనే. జూలైలో రాత్రి పదకొండింటికి కూడా షీటు చదువుకునేంత వెలుగుంటుంది అక్కడ. రోజూ అన్నం తిన్నాక ఇద్దరం చెరో పక్కా కూర్చుని ఆ రోజు నది ఎక్కడెక్కడ మారిందో పెన్సిల్‌తో దిద్దేవాళ్లం. పూడిపోయిన పాయకి అడ్డగీత, కొత్త తిప్పకి చుక్కలు, మంచి క్యాంపుకి చిన్న టెంటు గుర్తు. ప్లాస్టిక్ కాగితం మీద మెత్తటి పెన్సిల్ బాగా పడుతుంది, నేను ఇంటి దగ్గర ప్రింట్ చేయించిన మామూలు కాగితాలు మాత్రం ఐదోరోజుకే మడతల దగ్గర చిరిగాయి.

డాసన్ చేరాక వైట్‌హార్స్ వచ్చేసి, ఒకరోజు మిగిలితే కారులో క్లువానే సరస్సు దాకా వెళ్లాం. అది చూడాలని నాకు ఎప్పట్నుంచో ఉంది. ఆ సరస్సులోకి స్లిమ్స్ అనే నది వచ్చి కలిసేది, కాస్కావుల్ష్ హిమానీనదం కరిగిన నీళ్లతో. 2016 మే నెలలో ఆ హిమానీనదం వెనక్కి తగ్గి, మంచులో కొత్త దారి తెగి, నీళ్లన్నీ నాలుగు రోజుల్లో అవతలి వాలుకి మళ్లిపోయాయి. బేరింగ్ సముద్రానికి పోవాల్సిన నీళ్లు ఇప్పుడు ఆల్‌సెక్ నదిలో కలిసి పసిఫిక్‌కి పోతున్నాయి. బ్రిడ్జి పక్కన కారు ఆపి బానెట్ మీద షీటు పరిచాం. షీటు మీద వెడల్పాటి నీలం నది, అల్లుకున్న పాయలు, ఒక్కో తిప్పకీ చుక్కలు పెట్టి ఎంతో ఓపిగ్గా గీశారు. ఎదురుగా బూడిద రంగు మైదానం, గాలికి దుమ్ము లేచి అవతలి కొండ సగం దాకా కమ్మేసింది. రెండు పక్కలా కొండలు మాత్రం షీట్లో ఉన్నవి ఉన్నట్టే, ఒక్క గీత తేడా లేదు. బావగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పెన్సిల్ అడిగి తీసుకుని, ఆ నీలం మధ్యలో, రోజూ రాత్రి షీట్లు దిద్దినట్టే, "నీళ్లు లేవు" అని తెలుగులో రాసి తారీఖు వేశారు.

వచ్చే జూలైకి బిగ్ సామన్ నది అనుకుంటున్నాం, క్వయట్ లేక్ నుంచి మొదలుపెట్టి. 105F, 105E షీట్లు ఈసారి అన్నీ ప్లాస్టిక్ కాగితం మీదే ఆర్డరిచ్చాను. ఆ వైపు ఈ రెండు మూడేళ్లలో వెళ్లొచ్చినవాళ్లెవరైనా ఉంటే, మొద్దులు ఎక్కడ అడ్డం పడ్డాయో చెప్పండి, షీట్ల మీద రాసుకుంటాను.